చరిత్రకారుని తపస్సు – యదునాథ సర్కారు గారి జీవితము, కృషి
(ఆలయ ప్రాంగణమున జరుగు మాసోపన్యాసములలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మీరు ప్రతిమాసమును పురాణ ప్రవచనములను, భక్తుల చరిత్రములను వినుచున్నారు. నేడు నన్ను వేరొక విషయమును గూర్చి మాటలాడుమని మండలివారు కోరిరి. కారణము మీలో పలువురకు తెలిసినదే. మన ఆలయమును శిథిలావస్థనుండి ఉద్ధరించిన పెద్దల జీవిత చరిత్రమును గ్రంథముగా వెలువరింపవలెనని మండలి సంకల్పించినది. ముప్పది యేండ్లు కళాశాలలో చరిత్రను బోధించినవాడనగుటచే ఆ పనిని నాకు అప్పగించిరి.

ఆ వార్త వెలువడిన వారము దినములలో ఇద్దరు పెద్దలు వేర్వేరుగా మా యింటికి విచ్చేసిరి. ఒకరు, "మహానుభావుల చరిత్రమున మంచినే వ్రాయవలెను. ఆ కాలపు వ్యాజ్యము సంగతి, అప్పుల సంగతి ఇప్పుడు మనకేల?" అనిరి. రెండవవారు, "ఉన్నది ఉన్నట్లు వ్రాయనిచో అది స్తోత్రమగును గాని చరిత్ర యెట్లగును?" అనిరి. ఇద్దరును ఈ స్వామికి భక్తులే. ఇద్దరి మాటలలోను న్యాయము కలదు. ఈ చిక్కు ఒక్క మన గ్రంథమునకే వచ్చినది కాదు. పూజ్యుడైన మనిషిని గూర్చి సత్యము వ్రాయ పూనిన ప్రతివానికిని ఇది ఎదురగును. ఈ చిక్కుతోనే అరువది యేండ్లు జీవించిన ఒక చరిత్రకారుడు మన దేశమున ఉండెను. ఆయన జీవితమును మీ ముందుంచి, ఆ వెలుగులో మన ప్రశ్నకు సమాధానమును వెదకుదమని నా ఆశ. ఆయనయే యదునాథ సర్కారు గారు. వంగదేశీయులు జదునాథ్ అని పలికెదరు.

పుస్తకముల నడుమ బాల్యము

సర్కారు గారు 1870 డిసెంబరు 10వ తేదీన వంగదేశమున రాజషాహీ జిల్లా కరచ్‌మారియా గ్రామమున జన్మించిరి. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి రాజకుమార్ సర్కారు జమీందారు. ఆ ఇంట గొప్ప గ్రంథాలయము ఉండెను. తండ్రికి చరిత్ర గ్రంథములయందు మక్కువ. ఆ మక్కువయే కుమారునకు సంక్రమించినది.

ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1892లో ఆంగ్లమున ఎం.ఏ. పరీక్షయందు ప్రథమ శ్రేణిలో ప్రథములుగా ఉత్తీర్ణులైరి. ఆ కాలమున అట్టి విద్యార్థికి పెద్ద సర్కారీ ఉద్యోగములు దుర్లభములు కావు. ఆయన అధ్యాపక వృత్తిని ఎన్నుకొనిరి. 1897లో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ విద్యార్థి వేతనము లభించినది. దానికై చేసిన పరిశోధన ఫలితముగా ఔరంగజేబు కాలపు భారతదేశ భూగోళమును, గణాంకములను, రహదారులను వివరించు గ్రంథము 1901లో వెలువడినది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగుదము. ఒక చక్రవర్తి జీవితమును వ్రాయదలచినవాడు మొట్టమొదట వ్రాసినది ఆ చక్రవర్తి గుణగణములను గూర్చి కాదు. ఆతని రాజ్యమున ఏ సుబా ఎక్కడ ఉండెనో, ఏ బాట ఏ ఊరిమీదుగా పోవుచుండెనో వ్రాసెను. మనిషి నడచిన నేలను ఎరుగనివాడు మనిషిని ఎరుగజాలడని ఆయన భావము కావచ్చును. గోపురము నిలుపదలచినవారు ముందు పునాది త్రవ్వుదురు గదా!

ఒక జీవితమునకు పాతికేండ్లు

ఔరంగజేబు చరిత్రమును సర్కారు గారు ఐదు సంపుటములుగా రచించిరి. మొదటి రెండు సంపుటములు 1912లోను, మూడవది 1916లోను, నాల్గవది 1919లోను, ఐదవది 1924లోను వెలువడినవి. మొదటి పరిశోధననుండి లెక్కించినచో ఒక్క మనిషి జీవితమును గ్రహించుటకు ఆయన పాతికేండ్లకు పైగా వెచ్చించినట్లు. ఈ కాలమంతయు ఆయన కళాశాల పాఠములు మానలేదు. పాట్నాలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, కటకమునను అధ్యాపకులుగా పనిచేయుచునే ఈ గ్రంథములను వ్రాసిరి.

ఇంత కాలమేల పట్టినది? మొగలాయి దర్బారు వ్యవహారమంతయు పారసీక భాషలో నడచినది. కావున ఆయన పారసీకమును క్షుణ్ణముగా నేర్చిరి. మొగలాయిలతో పోరాడిన మరాఠాల పత్రములు మరాఠీలో, మోడీ లిపిలో ఉన్నవి. కావున మరాఠీ నేర్చిరి. పడమటి తీరమున పోర్చుగీసువారును, పుదుచ్చేరిలో ఫ్రెంచివారును తమ తమ భాషలలో దినచర్యలు, లేఖలు వ్రాసి ఉంచిరి. ఆ భాషలను సైతము అభ్యసించిరి. అనువాదమును నమ్ముకొని, ఇతరులు చెప్పినదానిని తిరిగి చెప్పుట ఆయనకు సమ్మతము కాదు.

ఆనాడు మూలపత్రములు ఒక్కచోట ఉండెడివి కావు. మొగలాయి దర్బారునందు జరిగిన ప్రతిదినపు సంగతులను వ్రాసి పంపుటకు సామంతరాజులు వార్తాలేఖకులను నియమించుకొనిరి. వారు పంపిన కాగితములను అఖ్‌బారాతులందురు. వానిలో కొన్ని జయపురమున ఉండెను. మరికొన్ని కర్నల్ టాడ్ ద్వారా లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చేరియుండెను. సర్కారు గారు వానికి నకళ్లు తెప్పించుకొనిరి. జహంగీరు కాలపు వంగదేశ చరిత్రకు ఆధారమైన 'బహారిస్తాన్-ఇ-గైబీ' అను పారసీక గ్రంథము పారిస్ గ్రంథాలయమున అనామకముగా పడియుండగా దానిని లోకమునకు ఎరుకపరచినది ఆయనయే. కాగితములతో తృప్తిపడక, యుద్ధములు జరిగిన నేలలకు, కొండకోటలకు స్వయముగా పోయి చూచిరి.

మన ఊళ్లలో వేదవిద్యార్థులు ఒక్క పన్నమును ఎన్నిసార్లు వల్లెవేయుదురో మీరెరుగుదురు. అట్టి నియమమే ఈయనది. ఆయనకు అనుష్ఠానము కాగితముల నడుమ సాగినది.

దోషమును, గుణమును

ఔరంగజేబును గూర్చి వ్రాయుట కత్తిమీద సాము. ఆ పేరు వినినంతనే కొందరి మనస్సు కోపముతో నిండును, కొందరి మనస్సు అభిమానముతో నిండును. సర్కారు గారు ఏమి చేసిరి? 1669లో ఆలయములను పడగొట్టుమని వెలువడిన ఆజ్ఞలను, 1679లో మరల విధింపబడిన జిజియా పన్నును దాచలేదు. తేదీలతో, ఆధారములతో వ్రాసిరి. అదే గ్రంథమున, పదునాలుగేండ్ల బాలుడై మదపుటేనుగు మీదికి వచ్చినను వెనుదిరుగని ధైర్యమును వ్రాసిరి. ముదిమివరకు ఎడతెగని శ్రమను, విలాసములకు దూరమైన నిరాడంబర జీవితమును వ్రాసిరి. అంత శ్రమించిన చక్రవర్తి దక్షిణాపథమున పాతికేండ్లు యుద్ధముచేసి, 1707లో అహమ్మదునగరమున కన్నుమూయునప్పటికి రాజ్యము ఎట్లు డొల్లయైనదో వ్రాసిరి. ఆ గ్రంథమును చదివినవానికి కోపముకంటె దుఃఖము మిగులును. ఇంత సామర్థ్యము ఇట్లు వ్యర్థమయ్యెను గదా అనిపించును.

మన గోల్కొండ కోట పతనము ఆ గ్రంథమున వచ్చును. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట, లోపలివాని ద్రోహముచే ఒక రాత్రి కోట తలుపు తెరువబడినది. కుతుబ్‌షాహీ సేనానులలో అబ్దుల్ రజాక్ లారీ అను వీరుడు ఒంటరిగా శత్రువుల నెదిరించి, దేహమంతయు గాయములై పడిపోయెను. ఆతని స్వామిభక్తిని మెచ్చి ఔరంగజేబు వైద్యులను పంపి బ్రదికించెను. తలుపు తెరచిన ద్రోహియు, ప్రాణమొడ్డిన భృత్యుడును, శత్రువు గుణమును మెచ్చిన చక్రవర్తియు ఒకే రాత్రి కథలో కనబడుదురు. మనుష్యులను ఒక్క రంగుతో పూయరాదను మాటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

శివాజీయు, శ్రీశైలమును

1919లో సర్కారు గారి శివాజీ చరిత్రము వెలువడినది. ఆయన శివాజీని గొప్ప రాజ్యనిర్మాతగా భావించిరి. అయినను పరీక్షింపక ఒక్క మాటయు వ్రాయలేదు.

1659లో అఫ్జల్‌ఖానుతో జరిగిన సమావేశమునే చూడుడు. ముందు ద్రోహమునకు పూనుకొన్నది ఎవరు? పారసీక గ్రంథములు ఒకటి చెప్పును, మరాఠీ బఖరులు వేరొకటి చెప్పును. సర్కారు గారు ఇరుపక్షముల వ్రాతలను ప్రక్కప్రక్కన ఉంచి, ఆ కాలమునందే రాజాపురపు ఆంగ్ల వర్తకులు వ్రాసిన లేఖను వానికి జోడించి, స్నేహము నటించి శివాజీని పట్టవలెనని ఖానునకు ముందే ఉపదేశము ఉండెననియు, మొదటి దెబ్బ ఆతనిదే అనియు తేల్చిరి. ఈ తీర్పు శివాజీ భక్తులకు ఇంపైనది. కాని అదే చరిత్రకారుడు 1664లోను, 1670లోను సూరతు నగరము కొల్లగొట్టబడినప్పుడు ప్రజలు పడిన బాధను సైతము దాచక వ్రాసెను. రాజ్యము చిరకాలము నిలువకపోవుటకు కారణములను విచారించుచు, కులభేదములు సమాజమును ముక్కలు చేసిన తీరును గ్రంథాంతమున నిర్మొగమాటముగా చెప్పెను. మహారాష్ట్రమున పలువురు పండితులు ఆయనతో విభేదించిరి. మొదటి తీర్పును నమ్మదగినదిగా చేసినది ఈ రెండవ ధైర్యమే. ఎల్లప్పుడు పొగడువాని పొగడ్తకు విలువ ఏమున్నది?

ఆ గ్రంథమున మన తెలుగునేలకు సంబంధించిన ఘట్టము కలదు. 1677లో శివాజీ కర్ణాటక దండయాత్రకు బయలుదేరి భాగ్యనగరమునకు వచ్చి, తానీషాను దర్శించి, మంత్రి మాదన్న సహాయముతో ఒడంబడిక చేసికొనెను. అక్కడనుండి సేనలను ముందుకు పంపి, తాను కృష్ణ దాటి శ్రీశైలమునకు పోయెను. ఆ క్షేత్రమున కొన్ని దినములు పూజలలో మునిగి, వైరాగ్యము పొంగి, తన శిరస్సునే దేవికి అర్పింపబోగా అమ్మవారు వారించెనని మరాఠీ సంప్రదాయము. నేటికిని శ్రీశైల ఉత్తర గోపురమును జనులు శివాజీ గోపురమని పిలుచుదురు.

ఈ ఘట్టమును చరిత్రకారుడు ఎట్లు వ్రాయవలెను? "ఇది కట్టుకథ" అని కొట్టివేయవచ్చును. లేదా తానే కన్నులార చూచినట్లు వ్రాయవచ్చును. సర్కారు గారు ఈ రెండింటిని చేయలేదు. యాత్రను యాత్రగా, ఆ మహావీరుని హృదయమునందలి భక్తిని భక్తిగా చెప్పి, కథనమును ముందుకు నడిపిరి. దండయాత్ర తేదీలను మాత్రము మదరాసు ఆంగ్లేయుల దస్తావేజులతో సరిచూచిరి. ఆ దస్తావేజులలో ఒక చిన్న విశేషము కలదు. 1677 మే మాసమున శివాజీ దూత మదరాసునకు వచ్చి, విషమునకు విరుగుడైన రాళ్లను, మందులను కోరెను. శిరస్సునే దేవికి అర్పింపబోయెనని జనులు చెప్పుకొను మనిషియే, కొన్ని వారములకే విషప్రయోగమునుండి ప్రాణరక్షణకు మందు వెదకెను. ఈ రెండింటిని కలిపి చూచినప్పుడు శివాజీ నాకు చిన్నవాడుగా తోచడు. దేవునియందు శరణాగతియు, లోకమునందు జాగరూకతయు ఒక్క హృదయమున ఇమిడిన నిజమైన మనిషి కనబడును. ఆంగ్లేయుల చిట్టా లేనిచో ఆ రెండవ ముఖమును మనమెన్నడును చూడజాలము.

చైతన్య చరితామృతము

ఇంత కఠినముగా ఆధారములను అడుగు మనిషికి భక్తి గ్రంథములయందు గౌరవము ఉండునా అని మీలో ఎవరికైన సందేహము కలుగవచ్చును. 1913లో, అనగా ఔరంగజేబు చరిత్రము నడుమనున్న కాలముననే, ఆయన కృష్ణదాస కవిరాజ విరచితమైన చైతన్య చరితామృతమునుండి మహాప్రభువు యాత్రలను, ఉపదేశములను తెలుపు భాగమును ఆంగ్లీకరించిరి.

ఆ యాత్రలలో సగము మన క్షేత్రములే. మహాప్రభువు పూరీనుండి దక్షిణమునకు వచ్చుచు సింహాచల నృసింహుని సేవించెను. గోదావరీ తీరమున రామానంద రాయలను కలిసికొని, రాత్రులు భక్తితత్త్వమును చర్చించెను. మల్లికార్జునుని, అహోబల నృసింహుని, తిరుపతి వేంకటేశ్వరుని, పానకాల నరసింహుని సేవించెనని ఆ గ్రంథము చెప్పును. మన ఆలయముల పేర్లు ఈ వంగ చరిత్రకారుని చేతిమీదుగా ఆంగ్ల పాఠకులకు చేరినవని తలచినపుడు నాకు సంతోషము కలుగును.

ఇందులో నేను గ్రహించిన సూక్ష్మము ఒకటి కలదు. భక్తుడు వ్రాసిన చరితమును అనువదించునపుడు సర్కారు గారు దానిని సంస్కరింప పూనుకొనలేదు. భక్తుడు చెప్పినదానిని భక్తుని మాటగానే అందించిరి. రాజుల చరిత్రమును తాను వ్రాయునపుడు సాక్ష్యమును అడిగిరి. స్తోత్రమునకు ఒక ధర్మము, చరిత్రకు ఒక ధర్మము. అర్చకుడు గర్భాలయమున చేయు పనియు, గుమాస్తా ఖజానాలో చేయు పనియు రెండును దేవుని సేవయే. కాని గుమాస్తా పద్దులలో శ్రద్ధాభక్తులను జమకట్టి, రూకలను వదలివేసినచో మనము ఒప్పుకొందుమా?

స్నేహము, దుఃఖము, పని

సర్కారు గారి జీవితమున మరాఠా చరిత్రకారుడు గోవింద సఖారామ సర్దేశాయి గారితో స్నేహము గొప్పది. 1904 నాటికి మొదలైన ఆ మైత్రి అర్ధశతాబ్దము నిలిచినది. ఒకరు వంగదేశీయులు, మరొకరు బరోడా సంస్థానమున పనిచేసినవారు. ఒకరికి పారసీకమున పట్టు, మరొకరికి మరాఠీ పత్రములలో పట్టు. తమకు దొరికిన పత్రములను ఒకరికొకరు పంపుకొనుచు, తప్పులను నిర్మొహమాటముగా ఎత్తిచూపుకొనుచు ఉత్తరములు వ్రాసికొనిరి. పూనాలోని పీష్వా దఫ్తరమున మూలపడియున్న కాగితములనుండి సర్దేశాయి గారు ఏర్చి కూర్చిన సంపుటములు 45. విద్వాంసులలో అసూయ సహజమను లోకమున ఇద్దరు పండితులు ఇట్లు జీవించుట పుణ్యకథయే. రవీంద్రనాథ ఠాకూరు సైతము తన 'అచలాయతన' నాటకమును సర్కారు గారికి అంకితమిచ్చెను.

1926 నుండి 1928 వరకు ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిరి. 1929లో సర్ బిరుదము వచ్చినది. అరువదియవ పడి దాటిన పిమ్మట మొగలాయి సామ్రాజ్య పతన చరిత్రమును నాలుగు సంపుటములుగా వ్రాయ మొదలిడి, 1932లో మొదటి దానిని వెలువరించిరి.

ఈ కాలముననే ఆయన గృహమున దుఃఖము మీద దుఃఖము వచ్చినది. కన్నబిడ్డలలో పలువురను ఆయన తన కళ్లముందే పోగొట్టుకొనిరి. దేశవిభజన నాటి కలకత్తా మతకలహములలో ఒక కుమారుడు హత్యకు గురియైనాడు. ఏ మతద్వేషపు పర్యవసానమును ఆయన జీవితమంతయు పాత కాగితములలో చదివి వ్రాసిరో, ఆ ద్వేషమే ఆయన ఇంటి గడప తొక్కినది. ఎట్టివాని చేతినైనను కలము వణకును, లేక విషము కక్కును. సర్కారు గారి పని ఆగలేదు. ఔరంగజేబు కాలపు పారసీక చరిత్ర గ్రంథమైన 'మఆసిర్-ఇ-ఆలంగీరీ'కి ఆయన చేసిన ఆంగ్లానువాదము 1947లో వచ్చినది. పతన చరిత్రము నాల్గవ సంపుటము 1950లో, ఆయన ఎనుబదవ యేట వెలువడినది. కొత్త ఆధారములు దొరికినపుడెల్ల పాత గ్రంథములను తిరిగి దిద్దుచునే ఉండిరి. 1958 మే మాసమున పరమపదించిరి. ఆయన కూర్చుకొన్న పుస్తకములు, వ్రాతప్రతులు కలకత్తా జాతీయ గ్రంథాలయమునకు చేరినవి.

ఆయన తీర్పులన్నియు శిరోధార్యములని నేను చెప్పను. పిమ్మటి చరిత్రకారులు పలు విషయములలో ఆయనను కాదనిరి. రాజుల గుణదోషములకే అధిక ప్రాధాన్యమిచ్చి రైతుల కష్టసుఖములకును, పన్నుల తీరునకును తగినంత చోటు ఈయలేదని కొందరు విమర్శించిరి. అది తగిన విమర్శయే. అయితే ఆయనను కాదనువారు సైతము ఆయన వెలికితీసిన పత్రములను విప్పి చూచియే కాదనవలసి వచ్చుచున్నది. పనిని నిజాయితీగా చేసినవానికి లభించు మర్యాద ఇది.

మన తెలుగునాట

ఈ మార్గము మన తెలుగువారికి కొత్తది కాదు. 1901లోనే బండారు అచ్చమాంబ గారు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో మన దేశపు స్త్రీల జీవితములను తెలుగున గ్రంథస్థము చేసిరి. బడికి పోని ఆ ఇల్లాలు తమ్ముని చదువు చూచి తాను చదువు నేర్చి, స్త్రీలు బలహీనులను అపవాదమును చరిత్రముతోనే ఖండింప పూనుకొనెను. ముప్పది యేండ్ల ప్రాయముననే, 1905లో, ఆమె మరణించుటచే తలపెట్టిన మిగిలిన భాగములు పూర్తికాలేదు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు. శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసినది ఆయనయే. 1906లో ఆయన మిత్రులతో కలిసి నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి ప్రకటించిన మొదటి గ్రంథము సైతము జీవిత చరిత్రయే. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. జాతిని మేల్కొల్పదలచినవారు మొదట జీవిత చరిత్రలను ఏల చేపట్టిరో ఆలోచింపుడు. సిద్ధాంతము చెవికి సోకును, జీవితము హృదయమునకు సోకును.

మన గ్రంథము

ఇప్పుడు మా యింటికి విచ్చేసిన ఇద్దరు పెద్దల ప్రశ్నకు వచ్చెదను.

మన ఆలయోద్ధారకుల చరిత్రమున ఆ వ్యాజ్యము ఉండును. అప్పులును ఉండును. ఏలయన, ఆలయ భూమి అన్యాక్రాంతమైనపుడు ఆయన సొంత బంధువులపైననే వ్యాజ్యమాడవలసి వచ్చినదని పాత కాగితములు చూపుచున్నవి. దానిని తొలగించినచో ఆయన ఏమి కోల్పోయి ఈ గోపురమును నిలిపెనో మీ మనుమలకు తెలియదు. సులభముగా కట్టిన గోపురముగా తోచును. కష్టమును దాచుట ఆయనకు గౌరవము కాదు.

అట్లే, జనులు చెప్పుకొను కథలును ఉండును. ఆయన తనకున్న పొలమంతయు అమ్మి గోపురము కట్టించెనని మనమందరము వినుచున్నాము. చందాల పుస్తకములో మాత్రము అణా, బేడ చొప్పున ఇచ్చిన ఎందరో సామాన్యుల పేర్లు ఉన్నవి. పొలము అమ్మిన మాట నిజము కావచ్చును. ఈ చందాల మాటయు నిజమే. రెండింటిని వ్రాసెదను. పాలేరులు, చాకలివారు, పూలమ్మిన స్త్రీలు ఇచ్చిన అణాలు గ్రంథమున చేరినచో ఆ మహనీయుని కీర్తి తగ్గదు. ఒక్కని త్యాగము ఎందరి చేతులను కదలించినదో తెలియును.

అయితే మొదటి పెద్దమనిషి మాటను నేను త్రోసివేయలేదు. ఒకరి దోషమును చెప్పుటవలన లోకమునకు ఏ ప్రయోజనమును లేనప్పుడు, అది ఆ జీవితపు కథను ఏ విధముగను మార్చనప్పుడు, దానిని తవ్వి పోయుట చరిత్ర కాదు, చాడి యగును. బ్రదికియున్నవారి మనస్సు నొచ్చు ఇంటిగుట్టులకు ఈ గ్రంథమున చోటు లేదు. వ్రాయదగినదేది, వదలదగినదేది అను వివేకము మాత్రము నా బాధ్యత. దానికి మీరు నన్ను ప్రశ్నింపవచ్చును.

ఈ పని నా ఒక్కని వలన కాదు. కావున మీకు కొన్ని విన్నపములు. మీ యిండ్లలో అటుకలమీద, ట్రంకు పెట్టెలలో పాత ఉత్తరములు, చందా రసీదులు, ఉత్సవ ఆహ్వాన పత్రికలు, ఛాయాచిత్రములు ఉన్నచో పారవేయకుడు. చెదలు పట్టినవైనను చింత లేదు. వానిని మీ ఎదుటనే చిత్రము తీసికొని వెంటనే మీకే తిరిగి ఇచ్చెదను. ఛాయాచిత్రము వెనుక అందులోనివారి పేర్లు తెలిసినవారు ఉండగానే పెన్సిలుతో వ్రాసి ఉంచుడు. ఎనుబది దాటిన మీ నాయనమ్మలను, తాతయ్యలను నేడే అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో అడుగున వ్రాయుడు. ఇద్దరు ఒకే సంగతిని రెండు విధములుగా చెప్పినచో తగవు పడవలదు. రెండింటిని తెచ్చి నాకు ఇండు.

ప్రతి సంవత్సరము మన ఇండ్లలో ఒక్కొక్క పెద్ద దీపము కొండెక్కుచున్నది. ఆ దీపముతోపాటు మరెవ్వరికి తెలియని ఒక చరిత్రము ఆరిపోవుచున్నది. సర్కారు గారు మూడు శతాబ్దముల నాటి మనుష్యులను కాగితపు తునకలనుండి బ్రదికించిరి. మన కళ్లముందే ఉన్నవారి మాటలను నిలుపుకొనుటకు మనకు కావలసినది ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక.

సత్యమును వెదకువానికి స్వామి కోపించునని నేననుకొనను. ఈ కార్యమునకు ఆయన అనుగ్రహమును, మీ సహాయమును ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.

స్వస్తి.